అలక గొంగడి

దీపావళి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే బీరన్న ఇంట్లో చెట్ల కిందికి పోయే హడావుడి మొదలైంది. వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద యాటను కోయించడం, అక్కడే వండుకోవడం, ఇంత కల్లు తాగి కడుపునిండా తినడం, పొద్దుగూకే లోపల ఇల్లు చేరడం. ఇంతకు మించి ఎవరి మనసులోనూ ఏమీ లేదు.

అచ్చంపేట దాటి అడవి అంచుకు పోతే వచ్చే ఆ ఊళ్ళో బీరన్నకు గొర్లమంద ఉంది, మంచి పేరుంది, కొత్తగా ఒక అల్లుడు కూడా ఉన్నాడు. అల్లుడి పేరు ఐలేశం. వాళ్ళ కురుమవాళ్ళలో హెచ్చెస్సీ దాకా చదివి బడిపంతులైన మొదటివాడు. టెర్లిన్ ప్యాంటు వేసేవాడు, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడేవాడు. పెండ్లయ్యాక మొదటి పండుగకు అత్తగారింటికి వచ్చి, పెట్టింది తిని, చూపించిన చోట పడుకుని, నవ్వుతూ తిరుగుతున్నాడు. అత్తగారు జంగమ్మకు బెంగంతా అక్కడే ఉంది.

"ఏమయ్యా, అల్లుడు ఇంక అలుగలే," అంది మొగుడితో, మసాలా మూట కడుతూ.

"అలుగకుంటె మంచిదే గదనే."

"ఏం మంచిది? ఎగువింటి అల్లుడు పెండ్లి పందిట్లనే అలిగిండు. మనోడు సూస్తె గిట్ల నవ్వుకుంట తిరుగుతాండు. మీ అల్లుడు మిమ్మల్ని మనుషుల్ల జమ కట్టిండా లేదా అని వాడకట్టంత అడుగుతాన్రు. నాకు తలకాయ ఎత్తబుద్ధి అయితలేదు."

జంగమ్మ బాధలో అర్థం లేకపోలేదు. ఆ ఊళ్ళో కొత్త అల్లుడు ఒక్కసారైనా అలగాలి. అలిగిన అల్లుణ్ణి బతిమాలి, గొంగడి మీద కూర్చోబెట్టి, ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఆ ఇచ్చేది ఏదైనా సరే అల్లుడు కూర్చునే అందుకోవాలి. నిలబడి అందుకుంటే అడుక్కున్నట్టు, కూర్చుని అందుకుంటే మర్యాద జరిగినట్టు. ఐలేశం మాత్రం చచ్చినా అలగకూడదని పెండ్లికి ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అలకలు చదువుకున్నవాళ్ళు చేసే పని కాదని భార్య ఈదమ్మకు బడిలో పాఠం చెప్పినట్టు చెప్పాడు కూడా.

"సరే, అలిగితె ఏమిస్తవ్?" అంది జంగమ్మ.

"ఏదడిగితె అది. కొత్వాల్ తప్ప," అన్నాడు బీరన్న.

కొత్వాల్ అంటే పోలీసు పెద్ద కాదు, బీరన్న పొట్టేలు. జాతరల్లో పొట్టేళ్ళ పోటీ అంటే ఎదుటి పొట్టేలు దాన్ని చూసి తాడు తెంపుకుని పోవలసిందే. బీరన్న దానికి నానిన శనగలు పెట్టి తర్వాత తను తినేవాడు. జ్వరమొస్తే దాని పక్కనే పడుకునేవాడు. ఏ ఊరికి పోయినా వెంట తీసుకుపోయేవాడు. భార్య మీద అంత ప్రేమ ఉందా అని అడిగితే బీరన్న మాట మార్చేవాడు. ఇక ఐలేశానికి ఆ పొట్టేలంటే హడలు. పెండ్లిలో అప్పగింతల వేళ అది వెనక నుంచి వచ్చి పెండ్లికొడుకును పందిరి గుంజ దాకా పంపింది. గొర్లకాపరుల ఇంట పుట్టి పొట్టేలుకు భయపడతాడా అని ఎవరైనా నవ్వుతారేమోనని ఆ సంగతి లోపలే దాచుకున్నాడు.

అందరికంటే ముందు బీరన్న కొత్వాల్‌ను తోలుకుని వాగు దగ్గరికి పోయాడు. ఇప్పచెట్టు కింద నీడ చల్లగా ఉంది గానీ నేలంతా పల్లేరు అల్లుకుని ఉంది. వానలు వెనకపట్టి తీగలు ఎండిపోయాయి, కాయలు మాత్రం నేలంతా రాలి, ముళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాయి. పల్లేరు కాయ ఎలా పడినా దాని ముల్లు ఒకటి ఆకాశం వైపే చూస్తుంది. దేవుడు దాన్ని ఎందుకు పుట్టించాడో ఆయనకే తెలియాలి.

బీరన్నకు ఇది కొత్త కాదు. చినిగిన పాత గొంగడి ఒకటి పరిచి, పైన బండరాయి పెట్టి, తాడు కట్టి ఆ చోటంతా ఈడ్చాడు. ఉన్నికి పల్లేరు కాయ అంటుకుందంటే మళ్ళీ ఊడదు. నాలుగుసార్లు అటూ ఇటూ ఈడ్చేసరికి నేల తుడిచినట్టయింది, గొంగడి అడుగున మాత్రం వేలు పెట్టే సందు లేదు. ముళ్ళున్న వైపు లోపలికి పోయేలా మడిచి, దాన్ని పొద మొదట్లో పెట్టాడు. సాయంత్రం పోతూ పోతూ కాల్చేద్దామనుకుని, కొత్వాల్‌ను ఇప్పచెట్టు అవతల కట్టేసి, కల్లు కుండల కోసం తాటివనం వైపు పోయాడు. మనిషి అక్కడ ఇంకో క్షణం ఆగి ఉంటే ఈ కథ లేదు.

ఆయన అటు పోగానే బండి వచ్చింది. అందులోంచి జంగమ్మ, ఈదమ్మ, ఐలేశం, బీరన్న తల్లి గుర్వమ్మ, ఆయన దోస్తు దస్తగిరి దిగారు. దస్తగిరి ఊరూరా తిరిగి ఉన్ని కొనే బేరగాడు. బీరన్న ఇంట్లో యాటను ఎప్పుడు కోసినా అతని చేతి మీదే కోత. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు అలిగారో, ఏమిస్తే తేరుకున్నారో అన్నీ తనకు తెలుసనేది అతని నమ్మకం. ఏ పంచాయితీ అయినా తన మాట మీదే తెగాలనేది అతని కోరిక.

ముసలి గుర్వమ్మకు కండ్లకు పొరలు కమ్మి చాలా కాలమైంది. అయినా మనవరాలి మొగుడు నిలబడి ఉన్నాడని మాత్రం ఆమెకు కనిపించింది.

"అయ్యో, మనుమన్ని గట్ల నిలవెట్టిన్రేందే? గొంగడి ఏదీ?" అంటూ తడుముకుంటూ పోయి, పొద మొదట్లో మడిచి ఉన్న గొంగడి తీసింది. కొసలు పట్టి విప్పి, ఇప్పచెట్టు కింద పరిచింది. ముళ్ళన్నీ పైకి వచ్చాయి. ఉత్త గొంగడి మీద పంతుల్ని కూర్చోబెట్టడమేమిటని, పెట్టెలోంచి తెచ్చిన తెల్ల దుప్పటి దాని మీద వేసింది. తర్వాత ఐలేశం రెండు భుజాల మీద చేతులు పెట్టి, "కూసో బిడ్డా, నా బంగారమా," అని తన బలమంతా పెట్టి కూర్చోబెట్టింది.

ఐలేశం ఎంత వేగంగా కూర్చున్నాడో అంతకు రెట్టింపు వేగంగా లేచాడు. కండ్లలోంచి నీళ్ళు వచ్చాయి.

"ఏమైంది బిడ్డా?" అంది గుర్వమ్మ.

ఏమైందో ఎలా చెప్పాలి? కొంచెం దూరంలో అత్తగారు కొంగు తల మీదికి లాక్కుని, చెట్టుచాటు చేసుకుని నిలబడి ఉంది. అత్త ఎదుట అల్లుడు తువ్వాల తీసి దులపడమే తప్పనుకునే ఇంట్లో, ఎక్కడ గుచ్చుకున్నాయో ఏ నోటితో చెబుతాడు? పోనీ ముసలమ్మ చెవిలో చెబుదామా అంటే, ప్రేమగా దుప్పటి పరిచి కూర్చోబెట్టిన మనిషి. అల్లుణ్ణి ముళ్ళ మీద కూర్చోబెట్టానని తెలిస్తే ఆ గుండె ఆగిపోవచ్చు. ఐలేశం మంచివాడు, ఆ రోజు అతనికి అదే ముప్పు తెచ్చింది.

"ఏం లేదవ్వా, నేను నిలవడ్తనే మంచిగుంటది," అన్నాడు.

దస్తగిరి కండ్లు మెరిశాయి. "చెల్లే! గొంగడి తొక్కి లేసిండు. కూసోను అంటాండు. అల్లుడు అలిగిండు!"

"అలిగిండా?" అంది జంగమ్మ చెట్టుచాటు నుంచి. ఆ గొంతులో ఎంత సంతోషముందో చెప్పలేం.

"నేను అలుగలే, దస్తగిరి మామా. నిజంగ అలుగలే," అన్నాడు ఐలేశం.

"అలిగినోడు ఎవడన్న అలిగిన అంటడా? అలుగలేదన్నడంటె గట్టిగనే అలిగిండు."

పక్క చెట్ల కింద వండుకుంటున్న ఊరివాళ్ళు ఒక్కొక్కరే గరిటెలతో సహా ఇటు వచ్చారు. అలిగిన అల్లుణ్ణి చూడడం కంటే వేడుక ఏముంటుంది? ఐలేశం చెట్టుకు వీపు ఆనించి, చేతులు వెనక పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా ఒక్కో కాయా పీక్కుంటున్నాడు. "చూడున్రి, చేతులు వెనుకకు కట్టుకున్నడు. ఏది ఇచ్చినా పట్టనని చెప్పుడన్నట్టు," అని దస్తగిరి చుట్టూ ఉన్నవాళ్ళకు వివరించాడు.

ముందుగా గుర్వమ్మ పక్క చెట్టు కిందివాళ్ళు కాల్చిన కార్జం ఆకులో పెట్టి తెచ్చింది. "కూసోని తిను బిడ్డా." ఐలేశం నిలబడే చెయ్యి చాచాడు. దస్తగిరి అడ్డం వచ్చాడు. "అట్ల ఎట్ల చెల్లుతది? కూసోవాలె."

ముసలమ్మ మొహం చూసి ఐలేశం దుప్పటి మీద ఇంకో చోటు చూసుకుని, ఈసారి నెమ్మదిగా కూర్చున్నాడు. ఆ చోట కాయలు ఇంకా ఎక్కువ ఉన్నాయి. లేచాడు.

"కార్జానికి తేరుకునే అలక గాదు," అన్నాడు దస్తగిరి.

జంగమ్మ కొంగున కట్టి తెచ్చుకున్న వెండి మొలతాడు పంపింది. ఐలేశం ఈసారి తెలివిగా గొంతుకూర్చున్నాడు. మడమల మీద బరువు పెట్టి, ప్యాంటుకూ దుప్పటికీ మధ్య జానెడు సందు ఉంచి, చెయ్యి చాచాడు. దస్తగిరి వంగి ఆ సందులోంచి అవతలి ఒడ్డు చూశాడు.

"పంతులూ, గిది కూసునుడు గాదు. జర పూర్తిగ కూసో," అని భుజం మీద చెయ్యేసి నొక్కాడు. ఐలేశం కెవ్వుమని లేచి ఇప్పచెట్టును కౌగిలించుకున్నాడు.

"మొలతాడు గూడ వద్దన్నడు," అని ఊరివాళ్ళలో ఎవరో వెనకవాళ్ళకు అందించారు.

అప్పుడు కల్లు కుండలతో బీరన్న వచ్చాడు. జనాన్ని చూసి, చెట్టును కరుచుకుని ఉన్న అల్లుణ్ణి చూసి, ఏం జరిగిందని అడిగాడు. తెల్ల దుప్పటి కింద ఉన్నది ఇంటి నుంచి తెచ్చిన కొత్త గొంగడే అనుకున్నాడు. చెప్పవలసినదంతా దస్తగిరి చెప్పాడు, చెప్పకూడనిది కూడా కలిపాడు.

"మామా, జర పక్కకు రా, ఓ మాట చెప్తా," అన్నాడు ఐలేశం ఆశగా.

"ఠైరో! అలిగిన అల్లుడు మామతోని సీదా మాట్లాడొద్దు. నడుమ మనిషి ఉండాలె. నేను లేనా?" అన్నాడు దస్తగిరి. ఆ మనిషి నడుమ ఉన్నంతసేపూ ఈ లోకంలో ఏ సంగతీ తేలదని ఐలేశానికి అర్థమైంది.

బీరన్న బ్యాటరీ లైటు ఇస్తానన్నాడు. ఊళ్ళో అలాంటిది పట్వారి ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఐలేశం కూర్చోలేదు. సూడిగొర్రె ఇస్తానన్నాడు. కూర్చోలేదు. దానితో పాటు ఇంకో గొర్రెపిల్లను కూడా ఇస్తానన్నాడు. "నాకేం వద్దు మామా, నీ కాళ్ళు మొక్కుత," అన్నాడు ఐలేశం. "ఇంత వినయంగ వద్దంటాండంటె దిల్ల పెద్దదే పెట్టుకున్నడు," అన్నాడు దస్తగిరి.

దిక్కుతోచక ఐలేశం ఈదమ్మను సైగ చేసి పిలిచి, చెవిలో సంగతి చెప్పాడు. ఈదమ్మ ఒకసారి మొగుడి మొహం చూసింది, ఒకసారి ప్యాంటు చూసింది. అంతే, పమిట కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది. నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కండ్లలో నీళ్ళు కారుతున్నాయి, మాట బయటికి రావడం లేదు.

"అయ్యయ్యో, పిల్ల ఏడుస్తాంది!" అంది జంగమ్మ. ఆమె సంతోషం అంతటితో అయిపోయింది. "ఏమన్నడు బిడ్డా? తోలుకపోను అన్నడా? విడిచిపెడ్త అన్నడా?"

ఈదమ్మ కాదని చెయ్యి ఊపింది. ఊపిరాడక రెండు చేతులూ ఊపింది. చూసినవాళ్ళకు గుండె తరుక్కుపోయింది.

దస్తగిరి గడ్డం నిమురుకున్నాడు. "బీరన్నా, దాచిపెట్టి లాభం లేదు. పంతులు దేని మీద మనసు పెట్టిండో నాకు ఎప్పుడో సమజైంది. నువ్వు బాధపడ్తవని చెప్పలే." అలా అని, ఇప్పచెట్టు అవతల ఆకులు నములుతున్న కొత్వాల్ వైపు చూశాడు. జనమంతా అటే చూశారు.

బీరన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. కూతురి వైపు చూశాడు. ఈదమ్మ ఇంకా కొంగులో మొహం దాచుకుని కదిలిపోతూనే ఉంది. ఒక్కగానొక్క కూతురు. ఆయన పోయి తాడు విప్పాడు. కొత్వాల్ మెడ మీద చెయ్యి వేసి, కొమ్ముల మధ్య నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాడు. చూసే ఆడవాళ్ళు కండ్లు తుడుచుకున్నారు. పొట్టేలుకు మాత్రం ఇదంతా ఎందుకో తెలియక ఆయన తలపాగా కొస నమిలింది.

"అల్లుడా, మంచిగ సూసుకో. పొద్దున శనగలు నానవెట్టి పెట్టు. ఉరుములంటె భయం, పక్కన పండుకోవాలె," అన్నాడు బీరన్న. తాడు ఐలేశం చేతిలో పెట్టాడు.

"వద్దు! కొత్వాల్ అసలే వద్దు!" అని ఐలేశం అరిచాడు. ఆ రోజు అతను మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట అదొక్కటే. ఎవరూ నమ్మలేదు.

కొత్వాల్ తాడు పట్టుకున్నది ఎవరో చూసింది. పెండ్లినాటి మనిషి. రెండడుగులు వెనక్కి వేసింది, తల వంచింది. ఐలేశానికి ఆ లక్షణం తెలుసు, వెనక్కి జరిగాడు. పొట్టేలు వచ్చి పొట్టలో సుతారంగానే కొట్టింది. అతను తిన్నగా పోయి గొంగడి నడిమధ్య కూర్చున్నాడు. లేద్దామంటే ఎదురుగా కొత్వాల్ మళ్ళీ తల వంచి సిద్ధంగా ఉంది. కింద పల్లేరు, పైన కొమ్ములు. ఐలేశం కూర్చునే ఉన్నాడు.

"కూసున్నడు!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది.

"కొత్వాల్ అల్లునిది. అలక తీరింది," అని దస్తగిరి తీర్పు చెప్పాడు.

బీరన్న గట్టిగా ఊపిరి పీల్చి, మీసం తుడుచుకుని ముందుకు వచ్చాడు. పొట్టేలును పక్కకు జరిపి, దాని కొమ్ము పట్టుకుని, చివరిసారిగా కాసేపు దాని పక్కన కూర్చుందామని అల్లుడి పక్కనే గొంగడి మీద కూలబడ్డాడు.

మరుక్షణంలో నిలబడి ఉన్నాడు. కొత్వాల్ కూడా బెదిరి నాలుగడుగులు అవతలికి పోయింది. సందు దొరికిందని ఐలేశం కూడా లేచాడు.

బీరన్న దుప్పటి అంచు కాస్త ఎత్తి చూశాడు. చినుగులు చూశాడు, ముళ్ళు చూశాడు, తన చేతి మడత గుర్తుపట్టాడు. తల ఎత్తి అల్లుణ్ణి చూశాడు. అల్లుడు మామను చూశాడు. పొద్దుటి నుంచి జరిగిందంతా ఆ ఒక్క చూపులో ఇద్దరికీ తెలిసిపోయింది. బీరన్న గొంగడి ఎత్తి దులపబోయాడు. అప్పుడే గుర్వమ్మ కనిపించని కండ్లతో నవ్వుతూ, "నేనే పరిచిన బిడ్డా! నా చెయ్యి మంచిది, అల్లుని అలక తీరింది," అంది చుట్టూ ఉన్నవాళ్ళతో. బీరన్న చెయ్యి ఆగిపోయింది. దుప్పటి అంచు మెల్లగా కిందికి వదిలేశాడు.

"అరె, మామ ఎందుకు లేసిండు? మామ గూడ అలిగిండా?" అన్నారెవరో.

దస్తగిరి ఒక్క క్షణం తడబడ్డాడు. మామ అలిగిన పంచాయితీ అతని ఎరుకలో లేదు. కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు కూడా లేదు. "అలుగడా మరి? పానం అసొంటి పొట్టేలును ఇచ్చిండు. ఇగ అల్లుడే మామ అలక తీర్చాలె," అన్నాడు.

ఐలేశం ఆ మాట నేల మీద పడనివ్వలేదు. తాడు ఎత్తి పట్టుకున్నాడు. "మామకు నేను కొత్వాల్‌ను ఇస్తున్న!"

జనం భేష్ అన్నారు. బీరన్న రెండు చేతులూ చాచాడు.

"ఆగుండ్రి," అన్నాడు దస్తగిరి. "మర్యాద మర్యాదే. కూసోని అందుకో, బీరన్నా."

బీరన్న గొంగడి వైపు చూశాడు. దాన్ని తనే ఈడ్చాడు, దాంట్లో ఎన్ని ఉన్నాయో ఆ ఊళ్ళో ఆయన కంటే తెలిసినవాడు లేడు. తల్లి వైపు చూశాడు, కొత్వాల్ వైపు చూశాడు. పంచె సర్దుకున్నాడు. తర్వాత ఏ తొందరా లేకుండా, గుడిలో కూర్చున్నట్టు బాసిపట్టు వేసి నిండుగా కూర్చున్నాడు. దవడలు బిగుసుకున్నాయి, కండ్ల నుంచి నీళ్ళు ధారగా కారాయి. తాడు అందుకుని గుండెకు హత్తుకున్నాడు. లేవలేదు.

"సూడున్రి, అల్లుని మంచితనానికి ఎట్ల ఏడుస్తాండో," అంది జంగమ్మ, తనూ ఏడుస్తూ.

ఐలేశం అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఒక్క జీవం కోసం, ఒక ముసలమ్మ నవ్వు కోసం మనిషి ఇంత పని చేయగలడని అతను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మామ మీద అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

"నువ్వెందుకు బిడ్డా?" అన్నాడు బీరన్న పండ్లు బిగించి, అతనికి మాత్రమే వినిపించేలా.

"అలవాటైంది మామా," అన్నాడు ఐలేశం.

ఆకులు వేశారు, అన్నం పెట్టారు, కూర పోశారు. మామా అల్లుడూ చివరి ముద్ద దాకా కదలకుండా, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని తిన్నారు. ఇంత వాత్సల్యం తాము ఎక్కడా చూడలేదని ఊరివాళ్ళు చెప్పుకున్నారు.

ఇద్దరి అలకా ఒక్క పూటలో తీర్చిన దస్తగిరి పేరు చుట్టుపక్కల మారుమోగింది. వారం తిరగకముందే అలిగిన అల్లుడున్న ఇంకో ఊరి నుంచి అతని కోసం బండి వచ్చింది, ఆ గొంగడి కూడా వెంట తెమ్మన్నారు.